ఫైబర్ కేబుల్ వెళ్లాల్సిన పైపు మధ్యలో మూసుకుపోయింది: తవ్వే ముందు ఏమేం చూడాలి?

కొత్తకనెక్షన్ రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకుంటున్నాము. ప్రహరీ పక్కనున్న చిన్న ఛాంబర్ నుంచి హాలు గోడలోని టెలిఫోన్ పెట్టె వరకు ఇల్లు కట్టినప్పుడే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు నేలలో వేయించి ఉంది. అందులో ఇప్పుడు వాడుకలో లేని రాగి టెలిఫోన్ తీగ ఒకటి మిగిలిపోయింది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన టెక్నీషియన్ హాలు వైపు నుంచి ఫిష్ టేప్ (తీగలు లాగడానికి పైపులోకి తోసే, వంగే పొడవైన పట్టీ) తోయగా, అది కొంత దూరం సాఫీగా వెళ్లి ఒకచోట ఆగిపోయింది. వెనక్కి లాగి ఎన్నిసార్లు తోసినా అక్కడే ఆగింది. స్తంభం నుంచి గాలిలో కేబుల్ లాగి గోడకు రంధ్రం చేసి లోపలికి తీసుకోవడం ఒక దారి అనీ, లేదా పైపు బాగు చేయించుకున్న తరువాత తనను మళ్లీ పిలవాలనీ చెప్పి అతను వెళ్లిపోయాడు.

పైపు ఉండగా గోడకు కొత్త రంధ్రం చేయించడం మాకు ఇష్టం లేదు. అలాగని ఎక్కడ తవ్వాలో తెలియకుండా నేల మొత్తం తవ్వించడమూ కుదరదు. అడ్డు ఎక్కడుందో బయటి నుంచి ఎలా గుర్తించాలి? పాత రాగి తీగకు కొత్త కేబుల్ కట్టి లాగవచ్చునా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

కాంతిరేఖ రాశారు:

కొత్తకనెక్షన్ గారూ, నేను ఫైబర్ పనే చేస్తాను. మీరు దేనినీ లాగకముందు, తవ్వకముందు, రెండు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి, అడ్డు ఎంత దూరంలో ఉంది. రెండు, అది ఎలాంటి అడ్డు.

దూరం కోసం ఫిష్ టేప్‌ను హాలు వైపు నుంచి ఆగేంతవరకు తోసి, పైపు నోటి దగ్గర టేప్ మీద గుర్తు పెట్టి, బయటకు లాగి కొలవండి. తరువాత ఛాంబర్ వైపు నుంచి అదే పని చేయండి. ఈ రెండు కొలతల మొత్తాన్ని పైపు వెళ్లే దారి పొడవుతో పోల్చి చూడాలి. మొత్తం దారి పొడవుకు దాదాపు సమానంగా వస్తే రెండు వైపుల నుంచీ మీరు ఒకే చిన్న అడ్డును తాకుతున్నారని అర్థం. మొత్తం తక్కువ వస్తే ఆ తేడా ఎంతో అంత పొడవున పైపు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా రెండు వేర్వేరు అడ్డులు ఉండవచ్చు. మొత్తం దారి పొడవు కంటే ఎక్కువ వస్తే మాత్రం శుభవార్త అనుకోండి, ఎందుకంటే రెండు వైపుల టేపులూ ఒకదానినొకటి దాటి వెళ్లాయి కాబట్టి పైపు మూసుకుపోలేదు, వంపుల దగ్గర రాపిడి పెరిగి టేప్ ముందుకు కదలడం లేదంతే.

రెండో విషయం చేతికే తెలుస్తుంది. గట్టిగా తగిలి, ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగితే నలిగిన పైపు గాని, జారిన అతుకు గాని, గట్టిపడిన సిమెంటు గాని అయి ఉంటుంది. మెత్తగా ఆగి, తోసిన కొద్దీ కొంచెం కొంచెం లోపలికి దిగి, టేప్ మొన తడిగా లేదా మట్టితో బయటకు వస్తే అది ఒండ్రు. తోసినప్పుడు స్ప్రింగులా వెనక్కి నెట్టి, మెలిపెట్టి తిప్పితే కొంచెం ముందుకు పోతే అది వంపు. వేర్లు అయితే ముందు మెత్తగా ఉండి, లాగేటప్పుడు టేప్ మొనను పట్టుకుంటాయి. ఈ తేడా తెలియకుండా అందరూ ఒకే మందు వేస్తారు, అదే బలంగా తోయడం. దానితో మట్టి ఇంకా గట్టిపడుతుంది, ఫిష్ టేప్ మొన విరిగి లోపలే ఉండిపోతుంది.

గోడలోతీగలు రాశారు:

కాంతిరేఖ గారు చెప్పిన కొలత పద్ధతి సరైనదే. ఎలక్ట్రీషియన్‌గా దానికి ముందు ఒక మాట చేరుస్తాను. ఆ పైపులో టెలిఫోన్ తీగ తప్ప మరేదీ లేదని మీకు ఖాయంగా తెలుసా? పాత ఇళ్లలో గేటు దీపానికో, కాలింగ్ బెల్‌కో వేసిన విద్యుత్ తీగను కూడా ఖాళీగా కనిపించిన పైపులోంచే లాగిన సందర్భాలు చాలా చూశాను. ఉక్కు ఫిష్ టేప్ కరెంటు ఉన్న తీగ పొరను గీకితే, టేప్ పట్టుకున్నవారి ప్రాణానికే ప్రమాదం. రెండు చివరలా మూతలు తీసి లోపల ఎన్ని తీగలు ఉన్నాయో చూడండి. ఏ మాత్రం అనుమానం ఉన్నా మెయిన్ స్విచ్ ఆపి, టెస్టర్‌తో సరిచూసి, ఉక్కు టేప్ బదులు ఫైబర్‌గ్లాస్ రాడ్ వాడండి.

ఇంకొకటి, దారిలో ఎన్ని వంపులు ఉన్నాయో గుర్తు చేసుకోండి. రెండు తెరిచిన చోట్ల మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు దాటకూడదు, అంటే నాలుగు లంబకోణపు వంపులకు మించకూడదు అనేది పైపు పనిలో అందరూ పాటించే హద్దు. పొడవైన వంపులకు బదులు నీటి పైపులకు వాడే కురచ ఎల్బోలు బిగిస్తే రెండు వంపులకే టేప్ మొరాయిస్తుంది.

గాలితీగ రాశారు:

గాలిలో లాగడాన్ని అంత తేలికగా తోసిపుచ్చకండి. బయటి వాడకం కోసం బరువు మోసే తీగతో కలిపి తయారుచేసిన డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వచ్చే కేబుల్) ఎండకూ వానకూ తట్టుకుంటుంది, తెగితే మార్చడం కూడా సులభం. గోడ రంధ్రాన్ని బయటి వైపు కొంచెం కిందకు వాలేలా చేసి, కేబుల్ లోపలికి వెళ్లే ముందు కిందకు ఒక వంపు వదిలితే వాన నీరు లోపలికి రాదు. పైపు బాగుచేసే ఖర్చు, శ్రమ ఎంతవుతుందో తేలేవరకు ఈ దారిని తెరిచే ఉంచుకోవడం మంచిది.

కొత్తకనెక్షన్ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. మూతలు తీసి చూశాము, రెండు చివరలా ఆ ఒక్క రాగి తీగ తప్ప మరేమీ లేదు. దారి పొడవు 14 మీటర్లు. హాలు వైపు నుంచి 9 మీటర్ల 20 సెంటీమీటర్ల దగ్గర, ఛాంబర్ వైపు నుంచి 4 మీటర్ల 10 సెంటీమీటర్ల దగ్గర ఆగుతోంది. అంటే మధ్యలో సుమారు 70 సెంటీమీటర్లు తేలడం లేదు. ఛాంబర్ వైపు నుంచి తోసినప్పుడు మెత్తగా ఆగి, మొనకు తడి మట్టి అంటుకుని వచ్చింది. హాలు వైపు నుంచి మాత్రం గట్టిగా తగులుతోంది. కొలతలను నేల మీద గుర్తించి చూస్తే ఆ చోటు సరిగ్గా పైపు ఇంటి పునాది కిందుగా దాటే చోటికి దగ్గరగా వస్తోంది.

కాంతిరేఖ రాశారు:

చాలా స్పష్టమైన కొలతలు ఇచ్చారు. పునాది దగ్గర అనగానే నాకు మొదట అతుకు మీద అనుమానం వస్తుంది. ఇల్లు ఒక తీరుగా, బయటి నేల మరొక తీరుగా కుంగుతాయి కాబట్టి, ఆ రెండింటి మధ్య బిగుసుకున్న పైపు అతుకు దగ్గర జారడం తరచుగా జరిగేదే. అతుకు జారితే అక్కడి నుంచి మట్టి, నీరు లోపలికి చేరి, దిగువన ఉన్న ఛాంబర్ వైపు పేరుకుంటాయి. మీకు ఒక వైపు గట్టిగానూ మరో వైపు మెత్తగానూ తగలడానికి ఇదే కారణం కావచ్చు. కానీ ఇది ఊహే, చూసి తేల్చుకోవాలి.

ఇక పాత రాగి తీగ సంగతి. ఒకరు హాలులో, ఒకరు ఛాంబర్ దగ్గర నిలబడి, ఒక వైపు మెల్లగా లాగి రెండో వైపు కదులుతోందా చూడండి. కదిలితే ఆ తీగ మీకు పెద్ద ఆస్తి. కదలకపోతే బలం పెట్టకండి. అది లోపల తెగితే ఉన్న ఒక్క ఆధారం పోవడమే కాక, తెగిన ముక్క ముడుచుకుని రెండో అడ్డుగా తయారవుతుంది.

కదిలినా సరే, దానికి ఫైబర్ కేబుల్‌ను నేరుగా కట్టకండి. ముందు ఒక గట్టి నైలాన్ తాడు కట్టి, ముడిని పొడవుగా, మొన సన్నగా ఉండేలా టేప్ చుట్టి, దానిని లాగండి. ఆ తాడు పైపులోకి వచ్చాక అటూ ఇటూ లాగి చూస్తే రాపిడి ఎంతుందో చేతికి తెలుస్తుంది. ఫైబర్‌ను ఆ తరువాతే కట్టాలి.

పాతపద్ధతి రాశారు:

నేను మా ఇంట్లో రాగి తీగకు ఫైబర్ కేబుల్‌ను నేరుగానే కట్టి లాగాను, ఒకే లాగుడులో వచ్చింది, ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. ముందు తాడు, తరువాత కేబుల్ అంటూ రెండు సార్లు లాగవలసిన అవసరం నాకు కనిపించలేదు.

కాంతిరేఖ రాశారు:

పాతపద్ధతి గారూ, మీ పైపు శుభ్రంగా ఉంది కాబట్టి అలా వచ్చింది. ఇక్కడి పైపులో అడ్డు ఉందని ముందే తెలుసు. తేడా అదే.

కేబుల్ లోపలి గాజు పోగు మందం 125 మైక్రాన్లు, కాంతి నడిచే మధ్య భాగం సుమారు 9 మైక్రాన్లే. లాగే బలాన్ని మోయవలసింది ఆ గాజు కాదు, దానికి రెండు పక్కలా ఉన్న ఉక్కు తీగలు లేదా ఎఫ్‌ఆర్‌పీ కడ్డీలు (పోగులతో గట్టిపరిచిన ప్లాస్టిక్), గుండ్రటి కేబుళ్లలో అయితే అరామిడ్ అనే చాలా గట్టి నూలు. అందుకే తాడును బరువు మోసే ఆ పోగులకు కట్టి, పై పొరతో కలిపి టేప్ చుట్టాలి. ఒక్క పై పొరకే కట్టి లాగితే పొర సాగి లోపలి గాజు మీద బరువు పడుతుంది. హద్దు దాటి సాగిన గాజు ఆ రోజు చక్కగానే కాంతిని పంపి, సన్నని పగులు నెమ్మదిగా పెరిగి ఎన్నో నెలల తరువాత తెగవచ్చు. అప్పుడు కారణం ఎవరికీ తోచదు. అడ్డున్న పైపులో ఎంత బలం పడుతోందో మనకు తెలియదు కాబట్టి, ఆ పరీక్షను తాడు మీద చేయమంటున్నాను. తయారీదారు ప్రతి కేబుల్‌కూ లాగుడు బలం హద్దును న్యూటన్లలో ఇస్తాడు, టెక్నీషియన్‌ను అడిగితే చెబుతాడు.

నీటిదారి రాశారు:

ఛాంబర్ వైపు మట్టి ఉందంటున్నారు కాబట్టి దానిని తొలగించే పని గురించి చెబుతాను. ముందు పైపులో గాలి ఆడుతోందా చూడండి. ఛాంబర్ వైపు నోటికి తడి, పొడి రెండింటికీ పనికివచ్చే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి, హాలు వైపు నోటి దగ్గర పలుచని కాగితం ముక్క పట్టుకోండి. కాగితం లోపలికి లాగబడితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. అప్పుడు పైపు కంటే కొంచెం సన్నని స్పాంజి ముక్కకు గాని, చిన్న ప్లాస్టిక్ సంచికి గాని సన్నని దారం కట్టి హాలు వైపు వదిలి, ఛాంబర్ వైపు నుంచి వ్యాక్యూమ్‌తో పీల్చవచ్చు. దారం బయటకు వస్తే దానితో తాడు, తాడుతో కేబుల్. చాలా ఇళ్లలో ఇంతటితోనే పని అయిపోతుంది.

గాలి ఆడకపోతే మట్టిని నీటితో కరిగించాలి. నీరు ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే, సన్నని గొట్టంతో, కొద్దికొద్దిగా పంపి వెంటనే వ్యాక్యూమ్‌తో వెనక్కి పీల్చేయాలి. ధారగా వదిలితే అది జారిన అతుకులోంచి పునాది కిందకు పోతుంది, లేదా హాలు గోడలోకి వస్తుంది. కంప్రెసర్ గాలి వద్దు, వదులైన అతుకులను అది పూర్తిగా ఊడదీస్తుంది. మురుగు కాలువలకు పోసే ఆమ్లాలు, క్షారాలు అసలే వద్దు. వాటికి మట్టి కదలదు, తరువాత వచ్చే కేబుల్ పొర మాత్రం పాడవుతుంది, చేతులు కాలుతాయి.

గోడలోతీగలు రాశారు:

నీటిదారి గారి మాటకు ఒక జాగ్రత్త జోడిస్తున్నాను. హాలు వైపు పెట్టె పక్కనే ప్లగ్ పాయింట్ ఉంటే, నీటి పని ముగిసి గోడ ఆరే వరకు ఆ సర్క్యూట్‌ను ఆపి ఉంచండి.

రెండోఅంతస్తు రాశారు:

మాది అపార్ట్‌మెంట్. ఇక్కడ మట్టి సమస్య లేదు, నిలువు పైపు నిండా గతంలో ఎవరెవరో వేసి వదిలేసిన కేబుళ్లే ఉన్నాయి. కొత్త కేబుల్ రెండో అంతస్తు దగ్గర బిగుసుకుపోయింది. ఆ పాతవాటిని కోసి తీసేయవచ్చునా?

కాంతిరేఖ రాశారు:

రెండోఅంతస్తు గారూ, ఎవరిదో తెలియని కేబుల్‌ను కోయకండి. ఉమ్మడి పైపు కాబట్టి ముందు మీ సంఘం అనుమతి తీసుకుని, ఏ ఫ్లాటుకు ఏ కేబుల్ పనిచేస్తోందో ప్రతి అంతస్తు పెట్టె దగ్గరా చీటీలు కట్టించాలి. పనికిరానివని తేలినవాటిని పై నుంచి ఒక్కొక్కటిగా తీస్తూ, తీసే ప్రతి కేబుల్ చివర ఒక తాడు కట్టి దాని స్థానంలో తాడు మిగిలేలా చూసుకోండి. పైపు అడ్డుకోతలో కేబుళ్లు 40 శాతానికి మించి ఆక్రమించకూడదనేది మంచి లెక్క. అంతకు మించితే ఖాళీ కనిపిస్తున్నా రాపిడి వల్ల లాగడం కష్టమవుతుంది. లాగుడుకు కేబుళ్ల కోసం తయారైన, నీటి ఆధారిత జారుడు ద్రవాన్నే వాడండి. నూనె, గ్రీజు కొన్ని రకాల పై పొరలను మెత్తబరుస్తాయి, సబ్బు నీళ్లు ఎండి జిగురులా పట్టేస్తాయి.

కొత్తకనెక్షన్ రాశారు:

పని ఎక్కడి వరకు వచ్చిందో చెబుతాను. రాగి తీగ కదలలేదు, కాబట్టి మీరు చెప్పినట్టే దానిని వదిలేశాము. కాగితం పరీక్షలో గాలి ఆడలేదు. నీటితో తడిపి, ఫైబర్‌గ్లాస్ రాడ్‌తో కదిపి, వ్యాక్యూమ్‌తో పీలిస్తే చాలా ఒండ్రు వచ్చింది. ఆ తరువాత ఛాంబర్ వైపు నుంచి కూడా రాడ్ హాలు వైపు ఆగిన చోటికే వెళ్లి గట్టిగా తగిలింది. అప్పుడు ఒక మిత్రుడి దగ్గరున్న, ఫోనుకు తగిలించుకునే సన్నని ఎండోస్కోప్ కెమెరాను రాడ్‌కు టేప్‌తో కట్టి పంపాము. కాంతిరేఖ గారు ఊహించినదే నిజమైంది. పునాది అంచు దగ్గర అతుకు జారి, ఒక పైపు అంచు రెండో పైపు నోటికి సగం అడ్డంగా దిగి ఉంది. రాగి తీగ ఆ రెండు అంచుల మధ్య నలిగిపోయి కనిపించింది.

ఇప్పుడు ఎక్కడ తవ్వాలో తెలుసు. తవ్వే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

నీటిదారి రాశారు:

తప్పకుండా చూసుకోవాలి. ఆ చోట నీటి పైపు, మురుగు పైపు, గ్యాస్ పైపు, ఎర్తింగ్ తీగ, విద్యుత్ కేబుల్ వీటిలో ఏదైనా దాటుతోందేమో ఇంటి నక్షాలో చూసి, నక్షా లేకపోతే సేవలందించే సంస్థలను అడిగి తెలుసుకోండి. గునపంతో పొడవకుండా, చిన్న పారతో పలుచగా మట్టి తీస్తూ వెళ్లండి. పైపు కనిపించాక దానికి రెండు వైపులా అరచేతి పొడవున ఖాళీ చేసుకుని, జారిన ముక్కను కోసి, కొత్త ముక్కను కప్లర్లతో అతికించండి. కోసిన అంచుల లోపలి గరుకును తప్పక గీకేయాలి, కేబుల్ పొరను చీల్చేది ఆ అంచే. అతికే జిగురును పైపు బయటి వైపే రాయండి. లోపల పూసిన జిగురు కారి గడ్డకడితే మళ్లీ అదే చోట అడ్డు తయారవుతుంది. పైపు కింద మెత్తని ఇసుక పరిచి, దాని మీద పైపు ఆనేలా చూసి పూడిస్తే నేల కుంగినా అతుకు మీద బరువు తక్కువ పడుతుంది.

గోడలోతీగలు రాశారు:

వీలైతే ఆ చోట అతుకు మళ్లీ పెట్టకుండా, నేల మట్టానికి మూత వచ్చేలా ఒక చిన్న పుల్ బాక్స్ (దారి మధ్యలో తెరిచి కేబుల్ లాగడానికి వీలైన పెట్టె) పెట్టించండి. 14 మీటర్ల దారి రెండు చిన్న దారులవుతుంది, తరువాత ఎప్పుడు ఏ కేబుల్ వేయాలన్నా పని సగమవుతుంది. నా దృష్టిలో ఇంత శ్రమ పడి తవ్వాక అక్కడ పెట్టె పెట్టకుండా పూడ్చేయడం వృథా.

కొత్తకనెక్షన్ రాశారు:

పుల్ బాక్స్ పెట్టించాము. తాడు రెండు వైపులా సాఫీగా ఆడుతోంది. టెక్నీషియన్ వచ్చే రోజు ఖరారైంది. అతను కేబుల్ లాగాక పని సరిగా జరిగిందో లేదో మేము ఏం చూసి తెలుసుకోవాలి?

కాంతిరేఖ రాశారు:

పరికరం మీద ఆకుపచ్చ దీపం వెలిగిందని సంతకం పెట్టేయకండి, అందుకున్న కాంతి శక్తి ఎంతో చూపించమనండి. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే, ఎక్కువ ఇళ్లలో వాడే జీపాన్ పద్ధతిలో, బీ-ప్లస్ తరగతి పరికరం మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (కాంతి శక్తి కొలమానం, మైనస్ అంకె పెద్దదైన కొద్దీ కాంతి తక్కువ) మధ్య కాంతిని అందుకోగలదు. మైనస్ 27కు అంచున ఉంటే ఈ రోజు నెట్ వచ్చినా, కనెక్టర్‌లో కొంచెం దుమ్ము చేరగానే తెగుతూ ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 వరకు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ల నష్టానికి కాంతి సగమవుతుందని గుర్తుంచుకుంటే అంకెలు అర్థమవుతాయి. గాజు పోగులను వేడితో కలిపిన అతుకులో నష్టం సాధారణంగా 0.1 డెసిబెల్‌కు లోపే ఉంటుంది. అందుకే చివరి కొన్ని మీటర్లలో రెండు మూడు డెసిబెళ్లు పోతున్నాయంటే ఎక్కడో కేబుల్ బాగా వంగిందని గాని, కనెక్టర్ మురికిగా ఉందని గాని అనుకోవాలి.

వంపు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇళ్లలో వాడే జి.657.ఎ1 రకం గాజు పోగును 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వరకు, ఎ2 పోగును 7.5 మిల్లీమీటర్ల వరకు వంచవచ్చని ప్రమాణం చెబుతుంది. అది పోగుకు వర్తించే హద్దు. దాని మీద పొరలున్న కేబుల్‌ను అంత చిన్నగా వంచకూడదు, లాగేటప్పుడైతే ఇంకా పెద్ద వంపు కావాలి. కాంతి తరంగ దైర్ఘ్యం పెరిగిన కొద్దీ వంపు దగ్గర నష్టం పెరుగుతుంది. జీపాన్‌లో ఇంటికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310. రేపు ఎక్కువ వేగపు ఎక్స్‌జీఎస్-పాన్‌కు మారితే ఇంటికి వచ్చేది 1577 అవుతుంది. ఈ రోజు పరవాలేదనిపించిన బిగుతైన వంపు అప్పుడు ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి పుల్ బాక్స్‌లోనూ హాలు పెట్టెలోనూ మిగులు కేబుల్‌ను అరచేతి కంటే పెద్ద చుట్టగా వదులుగా పెట్టించండి.

ఎక్కడైనా అనుమానం ఉంటే టెక్నీషియన్ దగ్గరుండే ఎర్ర లేజర్ పెన్నుతో చూపించమనండి. బాగా వంగిన చోట, విరిగిన చోట ఎర్రని కాంతి బయటకు కనిపిస్తుంది. కేబుల్ చివరలోకి మాత్రం ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. నెట్ నడిపే కాంతి కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వాడని కనెక్టర్‌కు టోపీ పెట్టించడం మరవవద్దు.

కొత్తకనెక్షన్ రాశారు:

కేబుల్ లాగడం పూర్తయింది. శక్తి మైనస్ 19 డీబీఎం చూపిస్తోంది. కేబుల్‌తో పాటు కొత్త తాడు ఒకటి పైపులో వదిలించాము. పుల్ బాక్స్ ఎక్కడుందో, అక్కడి నుంచి రెండు చివరలకూ దూరం ఎంతో రాసి, ఆ కాగితాన్ని హాలు పెట్టె మూత లోపల అతికించాము. ఛాంబర్ వైపు పైపు నోరు ఇంకా తెరిచే ఉంది, దానిని సిమెంటుతో మూసేయవచ్చునా?

గోడలోతీగలు రాశారు:

సిమెంటు వద్దు, తరువాత కేబుల్ మార్చాలంటే పైపు నోటినే పగలగొట్టవలసి వస్తుంది. పైపులను మూయడానికి వచ్చే, గట్టిపడని డక్ట్ సీల్ ముద్దను కేబుల్ చుట్టూ, తాడు చుట్టూ నొక్కి నింపండి. ఎలుకలూ చీమలూ నీరూ లోపలికి పోవు, అవసరమైనప్పుడు చేత్తోనే తీసేయవచ్చు. హాలు వైపు నోటికి కూడా అదే పెట్టండి. ఛాంబర్‌లో వాన నీరు నిలుస్తుంటే పైపు నోరు ఆ నీటి మట్టానికి పైన ఉండేలా చూసుకోవడం, లేదా ఛాంబర్ అడుగున కంకర వేసి నీరు ఇంకేలా చేయడం సీల్ కంటే ముందు చేయవలసిన పని.